ఏడో నంబరు బుగ్గలు

శుభవార్త వచ్చేసరికి ఆమె మోచేతుల దాకా షాంపూ నురగ ఉంది.

తలంటుకుంటోందనుకునేరు, టోపీ కడుగుతోంది. తలలోని కరెంటు అలల్ని పట్టే ముప్ఫై రెండు బిళ్ళలు కుట్టిన గుడ్డ టోపీ అది. ప్రతి రికార్డింగ్ తరవాతా చంటిపిల్లల షాంపూ వేసి, మెత్తటి టూత్‌బ్రష్‌తో ఒక్కో బిళ్ళనీ పళ్ళు తోమినట్టు తోమాలి. ల్యాబులో ఎవరికీ నచ్చని పని. ఆమె మాత్రం కూనిరాగాలు తీస్తూ చేస్తుంది. మనిషి తలలో పుట్టిన ఆలోచన బయటికొచ్చి మొట్టమొదట తాకేది ఆ బిళ్ళనే కదా అని, వాటంటే ఆమెకు ముద్దు.

పొద్దున్న లేచింది మొదలు "సిగ్నల్ వచ్చిందా? సిగ్నల్ పోయిందా?" అని కలవరిస్తుంది కాబట్టి ల్యాబులో అందరికీ ఆమె సిగ్నల్.

బల్ల మీద ఫోన్ గుర్రుమంది. చేతులు ఖాళీ లేవు. వంగి ముక్కుతో నొక్కింది. గైడు మేడం దగ్గర్నుంచి మెసేజ్.

"కమిటీ ఒప్పుకుంది. పేషెంట్లతో ట్రయల్ మొదలుపెట్టొచ్చు. మొదటి పేరు మీ తాతయ్యది."

సిగ్నల్ పెట్టిన కేకకి పక్క గదిలో ఎవరో గ్లాసు వదిలేశారు.

ఫోన్ చేయాల్సింది అమ్మమ్మకి. కాళ్ళు మాత్రం మెట్లు దిగాయి. నురగ చుక్కలు మెట్టుమెట్టుకీ రాలుతుండగా కింది అంతస్తులోని నాచు గదిలోకి ఊడిపడింది.

నాచు అంటే ఒక పక్క సరుకు, ఒక పక్క మనిషి. సముద్రపు నాచుని ఉడికించి, వడకట్టి, ప్లాస్టిక్కుకి బదులు వాడుకునే మెత్తటి పలకలు చేస్తాడతను. రబ్బరు బూట్లు, మోకాళ్ళ దాకా ఏప్రాను, చేతిలో తెడ్డు. ల్యాబు బిల్డింగంతా అతన్ని పిలిచేది కూడా నాచు అనే.

"వచ్చేసింది!" అంది సిగ్నల్.

"ఏంటి, స్నానం మధ్యలోనా?" అన్నాడు నాచు ఆమె మోచేతులు చూసి.

"పర్మిషన్! తాతయ్యకి టోపీ పెట్టొచ్చు!"

అతని చేతిలోని తెడ్డు ఆగిపోయింది. ఆ కబురు విలువేమిటో ఆమె ఇంట్లోవాళ్ళ తరవాత బాగా తెలిసింది అతనికే.

సిగ్నల్ వాళ్ళ తాతయ్య గడియారాలు బాగుచేసేవాడు. రెండేళ్ళ క్రితం పక్షవాతం వచ్చింది. చెవులు వింటాయి, బుర్ర పాదరసంలా పనిచేస్తుంది, మాటే బయటికి రాదు. చెయ్యి లేవదు. తల ఊపమంటే, ఎవరూ అడక్కుండానే ఊగుతూ ఉంటుంది. అది అవునో వణుకో ఎవరికీ తెలీదు. కళ్ళార్పమన్నా అంతే. "కిటికీ వెయ్యనా?" అని అడిగి, "వేస్తాన్లే" అని అమ్మమ్మే జవాబు చెప్పుకుంటుంది. ఆయన దగ్గర్నుంచి ఒక్క అవును, ఒక్క కాదు బయటికి తేవాలనే సిగ్నల్ మూడేళ్ళలో అయిపోవాల్సిన చదువుని ఇంకో రెండేళ్ళు సాగదీసింది.

పద్ధతి తేలికే. టోపీ పెట్టుకున్న మనిషి అవును అనాలనుకుంటే కుడిచేతి పిడికిలి బిగిస్తున్నట్టు ఊహించుకోవాలి. కాదు అనాలంటే పాదాలు కదుపుతున్నట్టు. నిజంగా కదపక్కర్లేదు, ఊహ చాలు. మెదడులో ఆ ఊహ రేపే అలల్ని మెషిన్ చదివి అవునుకి పచ్చ లైటు, కాదుకి ఎర్ర లైటు వెలిగిస్తుంది. ఇదంతా ఏడుగురు వాలంటీర్ల మీద చేసి చూశారు. ఆ ఏడో నంబరు నాచు.

అసలు వాళ్ళ పరిచయమే ఓ తగాదా. నాలుగు నెలల క్రితం రోజూ పదకొండింటికి ఆమె రికార్డింగుల్లో ఒకటే రొద. ఎవరి తల చూసినా కందిరీగల తుట్టె. వారం రోజులు బిళ్ళలన్నీ మార్చి చూసింది. చివరికి తేలిందేమిటంటే రెండు గదులకీ కరెంటు లైను ఒకటే, కింద నాచుని కలియబెట్టే మోటారు పదకొండింటికి మొదలవుతుంది. కోపంతో దిగొచ్చి టక్కున స్విచ్ ఆర్పేసింది. భోజనం చేసొచ్చిన నాచు చూసేసరికి మూడు వారాల సరుకు గిన్నెలోనే జున్నులా గడ్డకట్టి కూర్చుంది.

"మీరెవరండీ?" అన్నాడు ఏడవలేక.

"పై గది. మీరు నా వాలంటీర్ల బుర్రల్లో దూరుతున్నారు."

"మీరు నా గిన్నెలో వేలు పెట్టారు."

అయితే ఆ గడ్డని కోసి చూస్తే అది తేమ పట్టుకుని వదలడం లేదు, చర్మానికి వెన్నలా అతుక్కుంటోంది, ఉప్పునీళ్ళు పట్టిస్తే కరెంటు అలల్ని చక్కగా మోస్తోంది. కొట్లో కొన్న జెల్లు అరగంటకి ఎండిపోతుంది. ఇది నాలుగు గంటలు ఎండలేదు. ఆర్పిన స్విచ్చే మేలు చేసింది. అతను బిళ్ళల కిందికి మెత్తలు కోసిచ్చాడు. ఆమె మోటారు టైము మార్పించింది. ఏడో వాలంటీరు దొరక్క ఆమె వెతుకుతుంటే, "నా బుర్ర పనికొస్తుందా?" అన్నాడు.

పనికిరావడమా! మిగతా ఆరుగురూ నూటికి డెబ్బై దగ్గర డేకుతుంటే ఏడో నంబరుకి తొంభై ఆరు.

"అయితే నా మార్కులు పనికొచ్చాయన్నమాట," అన్నాడు నాచు ఇప్పుడు తెడ్డు పక్కనపెడుతూ. "స్కూల్లో లెక్కల మాస్టారికి ఈ తొంభై ఆరు చూపించాలి. ఆయన దృష్టిలో నా తలలో ఉన్నది అప్పుడు కూడా నాచే."

"మీరే లేకపోతే మా సగటు ఎప్పుడో మునిగిపోయేది."

"మరి ఎగరరేం?"

"ఎగరడమేంటి?"

"పచ్చ లైటు వెలిగినప్పుడల్లా కుర్చీలో చిన్నపిల్లలా ఎగురుతారుగా. ఇంత పెద్ద పచ్చ లైటు వెలిగింది, ఎగరండి మరి!"

"నేనా? నేనెప్పుడు ఎగిరాను?"

"ప్రతి అవునుకీ. కాదుకి మాత్రం బుద్ధిగా రాసుకుంటారు. నేను అసలు ఆ ఎగురుడు కోసమే కదా..."

నాలుక కరుచుకున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి.

ఇంకో అమ్మాయైతే ఆ చెవులు చూసేది. సిగ్నల్ అక్కడ ఆగలేదు. ఆమె మొహంలో నవ్వు మెల్లగా ఇంకిపోయింది.

"ఎగురుడు కోసం ఏంటి?"

"ఏం లేదండీ."

"చెప్పండి. ఏం చేస్తారు?"

"ఏముందీ... నవ్వొస్తుంది. కొంచెం. పైకి కూడా కనపడదు."

"లైటు వెలిగాకా, వెలగకముందా?"

"ముందే. అవును అనబోతున్నానంటే మీరు ఎగరబోతున్నారని నాకు తెలుసు కదా."

సిగ్నల్ వచ్చిన దారినే, నురగ ఆరిన చేతులతో, రెండేసి మెట్లు ఎక్కుతూ వెళ్ళిపోయింది.

కంప్యూటర్లో ఏడో నంబరు ఫైలు తెరిచింది. చెవి పక్కనుండే రెండు బిళ్ళల గీతల్ని ఎన్నడూ చూడనంత పెద్దవి చేసింది. ప్రతి అవునుకీ ముందు అక్కడ గడ్డిపరకల్లా గుబురుగా నిలబడ్డ గీతలు. మెదడు అలలు అలా ఉండవు. కండరాలు అలా ఉంటాయి. నవ్వితే బుగ్గ కండరం పుట్టించే కరెంటు మెదడుదానికన్నా ఎన్నో రెట్లు పెద్దది. పిచ్చి మెషిన్, కష్టపడి మెదడు చదవడమెందుకని, కళ్ళెదురుగా ఉన్న బుగ్గల్ని చదివేసింది.

తొంభై ఆరు మార్కులు నాచు మెదడువి కావు. నాచు బుగ్గలవి.

"అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు కదండీ," అన్నాడు వెనకాలే వచ్చిన నాచు తలుపు దగ్గర నుంచుని. "నవ్వకపోతే సరిపోయేది."

"నవ్వడమెందుకు? నువ్వసలు నవ్వడమెందుకూ?" సిగ్నల్ గిర్రున తిరిగింది. "టోపీ పెట్టినప్పుడు నీకేం చెప్పాను? మొహం కదపొద్దన్నానా లేదా? ఆ సగటు చూసే కమిటీ ఒప్పుకుంది. ఇప్పుడు నేనేం చెప్పను వాళ్ళకి? తాతయ్యకేం చెప్పను?"

"నువ్వా?" అన్నాడతను మెల్లగా.

"ఏం?"

"మొదటిసారి నువ్వు అన్నారు."

"బయటికెళ్ళు!"

వెళ్ళాడు. రెండు నిమిషాల్లో మళ్ళీ వచ్చి, తడి టోపీని తువ్వాలు మీద ఆరబెట్టి, మళ్ళీ వెళ్ళాడు.

* * *

ఫైలు మూసేస్తే ఎవరికీ తెలిసేది కాదు. ఆ సంగతి సిగ్నల్‌కి తెలుసు, గైడు మేడంకీ తెలుసు. అందుకే మేడం కళ్ళజోడు తుడుచుకుంటూ చెప్పింది ఒక్కటే ముక్క.

"దొంగ తొంభై ఆరు కన్నా దొర డెబ్బై మేలమ్మా. ఉత్తరం రాయి, సంతకం నేను పెడతా."

కమిటీ మూడో రోజుకల్లా జవాబిచ్చింది. అనుమతి ప్రస్తుతానికి ఆపుతున్నాం. బుగ్గలకి కూడా రెండు బిళ్ళలు పెట్టి అదే ఏడుగురితో మళ్ళీ చేయండి. మిగిలిన ఆరుగురిదీ పాత మార్కు నిలవాలి, బుగ్గల ప్రమేయం లేకుండా ఏడో నంబరు ఎనభై దాటాలి, అప్పుడే సగటు సరిపోతుంది. గడువు రెండు వారాలు.

అంటే తాతయ్య అవును కాస్తా వెళ్ళి నాచు బుగ్గల మీద ఆగింది.

"నవ్వను," అని ప్రమాణం చేశాడు నాచు. పెదాలు బిగించి, కళ్ళు గోడకి అప్పగించి, ఫొటోకి కూర్చున్న పెద్దమనిషిలా కూర్చున్నాడు.

"ఇది కప్పా?" అంది సిగ్నల్ కప్పు చూపించి. ఎర్ర లైటు.

"ఇది చెంచానా?" అంది పుస్తకం చూపించి. పచ్చ లైటు.

నలభై ప్రశ్నలయ్యాక లెక్క చూస్తే నూటికి యాభై ఎనిమిది.

"బొమ్మా బొరుసూ వేసినా యాభై వస్తుంది," అంది సిగ్నల్ నీరసంగా. "పిడికిలి ఊహించుకుంటున్నావా లేదా?"

"నవ్వకూడదు, నవ్వకూడదు అనే మాటే బుర్ర నిండా కూర్చుంది. పిడికిలికి చోటేదీ? పోనీ నువ్వు ఎగరడం మానెయ్."

"మానేశాగా! చేతుల మీద కూర్చున్నా!"

"అందుకే మరీ నవ్వొస్తోంది."

మర్నాడు ఆమె అడ్డంగా తెర కట్టింది. యాభై తొమ్మిది. ఆ మర్నాడు గైడు మేడం చేత ప్రశ్నలడిగించింది. అరవై ఒకటి, మేడం ముందు భయంతో అతని పాదాలు నిజంగానే కదిలాయి. గడువులో ఐదు రోజులు ఇట్టే కరిగిపోయాయి.

ఆరో రోజు ఆమె కిందికి దిగింది. నాచు ఒక పలక అంచు కోసి, నీళ్ళలో ముంచి, మీటరు పెట్టి ఏదో రాసుకుంటున్నాడు.

"ఏం చేస్తున్నావ్?"

"ఉప్పు కొలుస్తున్నా. సముద్రంలోంచి వచ్చింది కదా, ఉప్పుంటుంది. ఎంతుందో తెలిస్తే అంత కడిగేస్తాం."

"అసలు ఉప్పే రాకుండా చెయ్యలేవా?"

"సముద్రానికెళ్ళి ఉప్పు వెయ్యకు తల్లీ అని చెప్పనా?" నవ్వాడు. "వచ్చేది రానీ. కొలుచుకుని కడుక్కోవడమే."

సిగ్నల్ అతని వంక చూసింది. పలక వంక చూసింది. మళ్ళీ అతని బుగ్గల వంక చూసింది.

"నవ్వు," అంది.

"ఏంటి?"

"నీ ఇష్టమొచ్చినంత నవ్వు. నేనాపను. బుగ్గ మీద బిళ్ళ నీ నవ్వుని కొలుస్తుంది. ఎంత నవ్వావో మెషిన్‌కి నేర్పి, అంతా మెదడు గీతల్లోంచి తీసేస్తా. మిగిలేది మెదడు!"

"కడిగేస్తావన్నమాట."

"ఉతికేస్తా."

కొట్లో దొరికే బుగ్గ బిళ్ళలు గట్టివి, తాతయ్య వయసువాళ్ళ పల్చటి చర్మానికి దద్దుర్లు లేపుతాయి. నాచు గోరంత మందాన కొత్త మెత్తలు పోశాడు. అవి ముసలి చర్మానికి పడతాయో లేదో ట్రయల్‌కి ముందే చూడాలి, అనుమతి ఆగింది టోపీకి గానీ మెత్తలకి కాదు అంది మేడం. అలా నాచు మొదటిసారి ఆమె ఇంటికి బయల్దేరాడు. దారిలో వాన పట్టుకుంది. గొడుగు లేదు. అతను మెత్తలున్న డబ్బా మూత ఊడదీసి ఆమె నెత్తిన పట్టాడు.

"మెత్తలు తడుస్తాయ్!" అంది సిగ్నల్.

"అవి తడవడానికే పుట్టాయి. నువ్వు కాదుగా."

వాన ఆమె వైపు ఒక వాటా, అతని వైపు మూడు వాటాలు కురిసింది.

తలుపు తీసిన అమ్మమ్మ ఇద్దర్నీ ఎగాదిగా చూసింది. "ఎవరే ఈ తడిసిన కోడి?"

"మా ల్యాబేనే అమ్మమ్మా. అందరూ నాచు అంటారు."

"నాచా? చూసి నడువు మరి. నాచు మీద కాలేస్తే జారిపడతారు."

"అమ్మమ్మా!"

"ఏమన్నానే? రా బాబూ, తల తుడుచుకో ముందు."

తాతయ్య కుర్చీ కిటికీ పక్కన. ఎదురు గోడకి ఆయన తన చేత్తో బాగుచేసిన, రోజూ తాళం తిప్పితేనే నడిచే గడియారం. నాచు ముందు ఆయన ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చున్నాడు. "తాతయ్యగారూ, ఇది సముద్రపు నాచుతో చేసింది. బుగ్గకి పెడతాను, గంట ఉంచుతాను. పెట్టమంటారా?" అని అడిగి ఆగాడు. అలాగే కూర్చుని చూశాడు. తల ఊగుతూనే ఉంది. నిమిషం గడిచింది. "వద్దన్నట్టు నాకేం కనపడలేదు, అందుకని పెడుతున్నా. తప్పైతే తరవాత తిట్టండి," అన్నాడు.

వెళ్ళేముందు గడియారం చూసి, "తాళం ఇవ్వమంటారా?" అన్నాడు. మళ్ళీ నిమిషం ఆగి, తాళం తిప్పాడు.

ఐదు రోజులు వచ్చాడు. ఐదు రోజులూ అదే వరస. దద్దురన్నది లేదు. ఐదోనాడు అతను వెళ్ళాక అమ్మమ్మ వంటింట్లో గిన్నెలు సర్దుతూ అంది, "ఈ రెండేళ్ళలో ఆయన్ని పలకరించనివాళ్ళు లేరే. అందరూ అడుగుతారు, ఎవరూ ఆగరు. నేనూ ఆగను. ఈ అబ్బాయి ఆగుతాడు."

సిగ్నల్ చేతిలోని పళ్ళెం తుడిచిందే మళ్ళీ తుడిచింది.

* * *

గడువుకి ఒక్కరోజు ముందు చివరి రికార్డింగ్. ఆరుగురూ తమ డెబ్బైల్లో తాము పదిలంగా ఉన్నారు. ఏడో నంబరు కుర్చీలో కూర్చుని ఇష్టమొచ్చినట్టు నవ్వాడు. ఆమె ఇష్టమొచ్చినట్టు ఎగిరింది. మెషిన్ నవ్వునంతా పిండి అవతల పోసి, మిగిలింది లెక్కకట్టింది. ఎనభై నాలుగు.

గైడు మేడం ఆ అంకెని రెండుసార్లు చూసి, "పోన్లే, నీకూ మెదడుందోయ్," అని నాచుకి కితాబిచ్చి, కాగితాలు కమిటీకి పంపడానికి వెళ్ళింది.

సిగ్నల్ మాత్రం కంప్యూటరు ముందే ఉండిపోయింది. పిండి పారబోసిన నవ్వంతా బుగ్గ ఛానెల్ ఫైల్లో విడిగా ఉంది. పారెయ్యాల్సిన ఫైలు. పారేసేముందు ఊరికే తెరిచింది.

గీత మీద గుట్టలు గుట్టలుగా నవ్వులు. కొన్నిటి దగ్గర అసలు ప్రశ్నే లేదు.

ఆ కాగితం ప్రింటు తీసుకుని కిందికి దిగింది.

"పదీ రెండుకి ఏం జరిగింది? అప్పటికింకా ప్రశ్నలు మొదలవలేదు. ఇంత గుట్ట ఉంది ఇక్కడ."

నాచు ఏప్రానుకి చేతులు తుడుచుకుని కాగితం చూశాడు. "నువ్వు తలుపు తీసుకుని లోపలికొచ్చావ్."

"పదీ ఇరవైకి?"

"నీ పెన్ను పడింది. టేబుల్ కింద దూరి తీసుకున్నావ్. లేస్తూ తల కొట్టుకుని, టేబుల్‌కి సారీ చెప్పావ్."

"పదీ ముప్ఫై ఒకటి? చెప్పు, చెప్పు. అప్పుడు నేను నీళ్ళకెళ్ళాను. గదిలోనే లేను!"

"తిరిగొస్తావుగా," అన్నాడు నాచు.

గిన్నెలో నాచు తుకతుకమంటోంది. ఇద్దరిలో ఎవరూ దాన్ని కలపలేదు.

"నాదీ ఒక ప్రశ్న ఉంది," అన్నాడతను. "అవునో కాదో చెప్తే చాలు. నేనంటే నీకు..."

"ఆగాగు!" అతని నోటికి కాగితం అడ్డం పెట్టింది. "తాతయ్య ట్రయల్ అయ్యేదాకా అడక్కు. ఒకేసారి రెండు ప్రశ్నలేస్తే మెషినే తికమకపడుతుంది. నేనెంత?"

"ఆగుతాను," అన్నాడు నాచు కాగితం వెనకనుంచి. "ఆగడం నాకు బాగా వచ్చు."

ఆ కాగితాన్ని ఆమె పారెయ్యలేదు. నాలుగు మడతలు పెట్టి కళ్ళజోడు డబ్బాలో దాచుకుంది.

* * *

ఆపిన అనుమతిని కమిటీ పదో రోజున మళ్ళీ ఇచ్చింది. ఆ మర్నాటి నుంచి వారం పాటు గైడు మేడం రోజూ గంటసేపు తాతయ్యకి టోపీ పెట్టి, పిడికిలి ఊహించుకోమని, పాదాలు ఊహించుకోమని చెప్పి, ఆయన అలల్ని మెషిన్‌కి నేర్పింది. అసలు పరీక్ష ఎనిమిదో రోజు పదింటికి.

రికార్డింగ్ గదిలో తాతయ్య కుర్చీ మధ్యలో ఉంది. తల మీద టోపీ, బుగ్గల మీద నాచు మెత్తలు. సొంత మనిషి కాబట్టి సిగ్నల్ ప్రశ్నలడక్కూడదు. అడిగేది మేడం. సిగ్నల్ మానిటరు ముందు. నాచు తలుపు పక్కన. అమ్మమ్మ తాతయ్య పక్కనే, ఇస్త్రీ చీరలో.

"ప్రతి ప్రశ్నకీ పన్నెండు సెకన్లు ఆగాలమ్మా," అంది మేడం అమ్మమ్మతో. "మధ్యలో ఎవరూ మాట్లాడకూడదు."

"పన్నెండు సెకన్లే? యాభై ఏళ్ళ కాపురంలో నేనంతసేపు ఆగిందే లేదు."

మేడం తాతయ్య పాత చేతి గడియారం పైకెత్తి పట్టుకుంది. "ఇది గడియారమా?"

ఒకటి, రెండు, మూడు. నాచు పెదాలు కదలకుండా లెక్కపెడుతున్నాడు. ఏడు, ఎనిమిది.

పచ్చ లైటు.

ఎగరనని ఒట్టేసుకున్న సిగ్నల్ కుర్చీతో సహా ఎగిరింది. అమ్మమ్మ కళ్ళజోడు తీసి చెంగుతో తుడిచింది, పెట్టుకుంది, మళ్ళీ తీసింది.

పది ప్రశ్నలకి ఎనిమిది ఒప్పొచ్చాయి. మేడం కాగితం మీద సంతకం పెట్టి పెన్ను మూసింది. "పరీక్ష అయిపోయింది. ఇక లెక్కలోకి రాని ప్రశ్నలు. అడగండమ్మా, ఆయన మీవారే."

అమ్మమ్మ గొంతు సవరించుకుంది. రెండేళ్ళ ప్రశ్నలు గొంతులో బారులు తీరి ఉంటాయి. ఆవిడ తీసింది మాత్రం ఇది. "ఏవండీ, డాక్టరు చెప్పాడని ఉప్పు తగ్గించి వండుతున్నాను. బానే ఉంటోంది కదూ? బానే..."

మేడం వేలు పెదాల మీద పెట్టింది. అమ్మమ్మ నోరు మూసుకుంది. ఆగింది.

ఎర్ర లైటు.

గదంతా గొల్లున నవ్వింది. "అయ్యో అయ్యో! రెండేళ్ళ నుంచీ మింగలేక కక్కలేక తింటున్నారా?" అంది అమ్మమ్మ, నవ్వూ ఏడుపూ కలగలిసి. అప్పుడు తలుపు వైపు చూసి, మనవరాలి వైపు చూసి, మొగుడి చెవి దగ్గరకి వంగింది. రహస్యమనే అనుకుంది పాపం, కారిడార్ దాకా వినిపించింది.

"ఆ తలుపు దగ్గర అబ్బాయి ఉన్నాడే, రోజూ మీ గడియారానికి తాళం ఇచ్చినవాడు. మన పిల్లకి ఈడూ జోడూ అనుకుంటున్నాను. మీరేమంటారు?"

సిగ్నల్ మొహం మానిటరులో దూరిపోయింది. నాచు లెక్కపెట్టడం మర్చిపోయాడు. నాలుగో సెకను తరవాత అతని దగ్గర అంకెల్లేవు.

పచ్చ లైటు.

"బుగ్గ ఛానెల్ చూడమ్మా," అంది మేడం. "మళ్ళీ మోసపోకూడదు."

"చూస్తున్నా మేడం. స్కేలు పెట్టి గీసినట్టుంది. అస్సలు కదల్లేదు." సిగ్నల్ గీత మీద వేలు పెట్టి చూపించింది. "ఇది మెదడే. తాతయ్యే అన్నాడు."

అనేలోగా ఆ గీత మీద ఒక గుట్ట లేచింది. చిన్నది. పక్కనే ఇంకొకటి. సిగ్నల్ మానిటరు వదిలేసి తల తిప్పింది. నవ్వమని డాక్టర్లు ఎన్నిసార్లడిగినా కదలని ఎడమ బుగ్గ, నాచు మెత్త కింద, మెల్లగా పైకి లేస్తోంది. అడిగితే రాని నవ్వు అడక్కుండా వచ్చింది. అమ్మమ్మ వెంటనే ఆ బుగ్గ మీద తన అరచెయ్యి వేసింది, ఎటైనా పోతుందేమోనన్నట్టు.

నాచు మెల్లగా సిగ్నల్ కుర్చీ వెనక్కి వచ్చాడు. "ట్రయల్ అయింది," అన్నాడు చెవిలో. "నా ప్రశ్న ఇంకా ఉంది."

"తాతయ్య చెప్పేశాక ఇంకేం ప్రశ్న?"

"అది తాతయ్యగారి జవాబు. నీది కాదు. పన్నెండు సెకన్లు ఆగుతాను. ఒకటి, రెండు..."

మూడు అనకముందే సిగ్నల్ కుర్చీలో ఎగిరింది.

బుగ్గకి బిళ్ళ లేదు కాబట్టి ఆ క్షణాన నాచు నవ్వు ఏ ఫైల్లోనూ ఎక్కలేదు. గది మొత్తం చూసింది.

"బాబూ," అంది అమ్మమ్మ, "మీ అమ్మా నాన్నా ఊళ్ళోనే ఉన్నారా?"

"ఉన్నారండీ."

"రేపు ఖాళీయేనా వాళ్ళకి?"

"లేకపోయినా చేసుకుంటారండీ."

అమ్మమ్మ తాతయ్య వైపు తిరిగింది. "ఏవండీ, రేపు పదకొండింటికి వాళ్ళని మనింటికి రమ్మందామా?" అంది. అని, తనంతట తాను జవాబు చెప్పేసుకోకుండా, మేడం వేలు చూపించక్కర్లేకుండా, చీర కుచ్చిళ్ళ మీద చేతులు పెట్టుకుని కూర్చుని ఆగింది.

తొమ్మిదో సెకనుకి పచ్చ లైటు వెలిగింది.

"విన్నారుగా. రేపు పదకొండింటికి," అంది అమ్మమ్మ అందరితో. "ఒక్క నిమిషం కూడా ఆలస్యం కాకూడదు, ఆయనకి టైమంటే టైమే. బాబూ, నువ్వు మాత్రం పదిన్నరకే వచ్చెయ్. గడియారానికి తాళం ఇవ్వాలి."